వాగు నడుమ ఇడిచింది

లా కాలేజీ హాస్టల్, హైదరాబాద్
ఆగస్టు

జెన్నీకి,

ఇక్కడ నేను క్షేమమని రాస్తే అబద్ధం. అక్కడ నువ్వు క్షేమమని తలుస్తున్నానంటే నటన. ఆ రెండు వాక్యాలూ వదిలేసి విషయానికి వస్తాను.

చేతిలో ఫోన్ పెట్టుకుని ఉత్తరమెందుకని అడుగుతావు. జీపు వాగులో మునిగిన మర్నాడు నువ్వు నాకొక మెసేజ్ పంపి, నేను తెరిచేలోగా చెరిపేశావు. ఆ తర్వాత ఫోన్ ఎత్తడం లేదు. కాబట్టి చెరపడానికి వీల్లేని చోట మాట్లాడుకుందాం. కాగితం మీద కొట్టివేసిన మాట కూడా కనబడుతుంది.

నాకు తెలిసింది వరుసగా చెబుతాను. తప్పుంటే ఖండించు. మొయినాబాద్‌లో చుట్టాలింటికి పోయిన మా నాయనమ్మను, అంటే మా అవ్వ శకుంతలమ్మను, చేవెళ్లకు తీసుకురావడానికి మా అన్న అభిలాష్ కొత్త జీపులో వెళ్లాడు. చేవెళ్లలో పని ఉందని మీ అన్న నతానియేలు అదే బండి ఎక్కాడు. దారిలో వాగు పొంగి కాజ్‌వే మీదుగా పారుతోంది. పోలీసులు పెట్టిన బారికేడ్‌ను పక్కకు జరిపి బండిని నీళ్లలోకి దింపారు. నడుమకు వచ్చేసరికి ఇంజన్ ఆగిపోయింది, వరద బండిని అంచుకు నెట్టింది. ముగ్గురూ బతికారు గాని అవ్వ తుంటి ఎముక విరిగింది. తోలింది నతానియేలేనని మా అన్న అంటున్నాడు, మా బాపు అంటున్నాడు. ఒడ్డు నుంచి తాడు విసిరినవాళ్లు కూడా మీ అన్న డ్రైవర్ వైపు కిటికీలోంచి బయటపడడం చూశారట.

నాకు కోపం ఎందుకో చెబుతాను. జీపులవాళ్లకు నీళ్లు దాటడం నేర్పి జీతం తీసుకునే మనిషి అతను. ఎండాకాలంలో తను పనిచేసే జీపుల ట్రాక్ మీద నాకూ నేర్పాడు. “నా మాట ఇంటే ఒడ్డుకు, ఇనకుంటే అడుక్కు” అని మీసం తిప్పేవాడు. ముందు దిగి కర్రతో లోతు చూడాలన్నాడు. పారే నీళ్లు మోకాలు దాటితే జీపే కాదు, లారీని కూడా దింపరాదన్నాడు. దిగక తప్పకపోతే బెల్టు తీసి, కిటికీలు దించి, లో గేరులో, బానెట్ ముందు లేచే అలను తోసుకుంటూ ఒకే వేగంతో పోవాలి. నడుమ ఎక్సలేటర్ మీది కాలు తీస్తే ఆ అల తిరిగి ఇంజన్ మీదికే వస్తుంది. “ఇడువకు, ఇడువకు!” అని నా చెవి పక్కన అరిచిన గొంతు ఇంకా మరచిపోలేదు.

అన్నీ తెలిసినవాడు అన్నీ మరిచి, డెబ్బై దాటిన మనిషిని వెనక కూర్చోబెట్టుకుని వరదలోకి ఎట్లా దిగాడు? పైగా ఆ జీపుకు గాలి పీల్చే గొట్టం, స్నార్కెల్, బిగించి ఉంది. ఇంజన్‌లోకి నీళ్లు పోవడానికి తోలినవాడి నిర్లక్ష్యం తప్ప కారణం లేదు. నిరూపణ భారం నీ మీద ఉంది.

సమత

*

చిన్న మంగళారం
ఆగస్టు

సమతకు వందనాలు.

నీ ఉత్తరం చదివి మొదట నాకు వచ్చిన ప్రశ్న రాస్తున్నాను. నా జవాబు నువ్వొక్కదానివే చదువుతావా, మీ నాన్న మాణిక్యం గారు కూడా చదువుతారా? లా చదివే అమ్మాయి ‘కాగితం మీద రాయి’ అంటే దాన్ని స్నేహమనుకోవాలా, సాక్ష్యం కూడబెట్టడమనుకోవాలా?

ఒక్క విషయం మాత్రం ఖండిస్తాను. ఆ గొట్టం ఉత్త అలంకారం. షోకు కోసం బయట అతికించినది. లోపల దేనికీ కలపలేదు. ట్రాక్ మీద మొదటి రోజే అన్న అది చూసి నవ్వాడు. “గిది ముక్కు కాదు అభిలాష్, ముక్కుపుడక” అన్నాడు. అది తెలిసిన మనిషి దాన్ని నమ్మి వరదలో దిగుతాడా? దిగింది నమ్మినవాడో, ఎవరి ముందో వెనక్కి తగ్గలేనివాడో.

అంతకు మించి నా దగ్గర ఏమీ లేదు. అన్న మాట్లాడడం లేదు. ట్రాక్ యజమాని ‘కేసు తేలేదాకా రావద్దు’ అన్నాడు. అవ్వ వాంగ్మూలం తీసుకున్నాక కేసులో పేరు రాస్తామని ఎస్సై చెప్పాడు. ఆ పేరు మా అన్నదే అయితే లైసెన్స్ పోతుంది. నీళ్లలో బండి ముంచిన శిక్షకుడిని ఇక ఏ ట్రాక్ పిలుస్తుంది? అమ్మ కరుణమ్మ ప్రార్థనలో మోకాళ్ల మీద నుంచి లేవడం లేదు. నాన్న సంగతి నీకు తెలుసు, దయానందం గారంటే చర్చి సంఘ పెద్ద. “నువ్వు తోలినవా, తోలలేదా? ఒక్క మాట చెప్పు” అని రోజూ అడుగుతాడు. అన్న లేచి బయటికి పోతాడు.

చందనవెల్లి ఫ్యాక్టరీలో నైట్ షిఫ్ట్ చేసి వచ్చి ఇది రాస్తున్నాను. చెరిపేసిన మెసేజ్ గురించి అడగకు.

జెన్నీ

*

హైదరాబాద్
సెప్టెంబర్

జెన్నీకి,

ఈ ఉత్తరాలను మా బాపుకు చూపిస్తానన్న నీ అనుమానం నాకు అవమానం. అయినా దాన్ని తప్పుపట్టను. నీ స్థానంలో ఉంటే నేనూ అదే అనుమానించేదాన్ని.

నిన్న చేవెళ్ల వెళ్లి వచ్చాను. జీపు ఇంటి ముందే పడి ఉంది. గొట్టం చివర చెయ్యి పెట్టి చూశాను. నువ్వు చెప్పింది నిజం, లోపల మూత ఉంది. ఆ వాదన వెనక్కి తీసుకుంటున్నాను. తర్వాత అన్నం తింటున్న మా అన్న ఎదుట కూర్చున్నాను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

“గేరు ఏది?”

“లో గేరే.”

“కిటికీలు?”

“ముందటియి రెండూ దించినం. ఎనకయి తెరుసుకోవు గద.”

“మరి ఇంజన్ ఎందుకు ఆగింది?”

“నడుమల ఎక్సలేటర్ ఇడిచిండు.”

“నతానియేలా? ఎందుకు ఇడిచిండు?”

“ఇడువుమంటే ఇడువరా మరి?”

“ఎవరు ఇడువుమన్నరు?”

అన్న చేతిలో ముద్ద ఆగింది. “వకీల్ సాబ్, జర బుక్కెడు తిననియ్యి” అని నవ్వబోయాడు. నవ్వు రాలేదు. వెనక నుంచి బాపు, “సమతా, ఇది నీ కాలేజీ గాదు, ఇల్లు” అన్నాడు. ఇల్లని గుర్తు చేయవలసి వచ్చిందంటే అక్కడేదో దాచారని అర్థం.

ఇప్పుడు నా తర్కం విను. నీళ్లలో నతానియేలుకు ఆజ్ఞ ఇచ్చేవాడు ఎవడూ లేడు. ఆజ్ఞ ఇచ్చేది అతను. ‘ఇడువుమంటే’ కాలు తీసినవాడు ఒకరి మాట వింటూ తోలుతున్నవాడు, నేర్చుకుంటున్నవాడు. అంటే స్టీరింగ్ ముందు కూర్చున్నది మా అన్న.

కారణం కూడా కనబడుతోంది. ఆ రోజు పొద్దున్నే బాపు వాగు ఒడ్డున నిలబడి, ‘ఎవరూ దాటవద్దు, మీ ప్రాణాలు మాకు ముఖ్యం’ అని వీడియో తీసి ఊరి గ్రూపులన్నిటిలో పెట్టాడు. సర్పంచ్ ఎన్నికల మీద ఆశ ఉన్న మనిషి. ఆయన కొడుకే బారికేడ్ జరిపాడంటే ఆ వీడియో చూసి ఊరంతా నవ్వుతుంది.

కాని ఒక్క ముడి విడలేదు. ‘ఇడువు’ అన్నది ఎవరు? జీపులో ఉన్నది ముగ్గురు. మీ అన్నే పొరపాటున అన్నాడా? అతని మౌనానికి అదేనా కారణం?

సమత

*

చిన్న మంగళారం
సెప్టెంబర్

సమతకు,

నీ తర్కం బాగుంది. అందుకే భయం వేస్తోంది.

స్టీరింగ్ ముందు ఎవరున్నారో నేను చెప్పలేదు, నువ్వే చెప్పావు. ఆ తేడా గుర్తు పెట్టుకో. రేపు ‘జెన్నీ రాసింది’ అని మీ ఇంట్లో అనకు.

అన్న డ్రైవర్ వైపు నుంచి ఎందుకు బయటపడ్డాడో మాత్రం రాస్తాను, ఎందుకంటే దానికి ఊరే సాక్ష్యం. వరద ఎడమ వైపు తగులుతోంది. ఆ తలుపు ఎవరి వల్లా తెరుచుకోదు, దించిన కిటికీలోంచి నీళ్లే లోపలికి దూకుతాయి. వెనక కిటికీలు తెరుచుకోవని మీ అన్నే చెప్పాడు. మిగిలింది కుడివైపు కిటికీ. అన్న ఎడమ సీటు నుంచి అటు దాటుకుని పోయి, అవ్వను వెనక నుంచి ముందుకు లాగి, ఆ కిటికీలోంచి తాడు దగ్గరికి చేర్చాడు. అటు దాటడానికి ఏ అడ్డమూ లేదు. తాడు తెచ్చినవాళ్లు వచ్చేసరికే ఆ సీటు ఖాళీ అయింది.

బారికేడ్ దగ్గర కర్ర తీసుకుని దిగి చూసింది అన్నే. “తొడల దాంక ఉన్నది, ఎనుకకు తిప్పు” అన్నాడు. మీ అన్న వినలేదు. “భయమైతే దిగి నడువు” అన్నాడు. వెనక అవ్వ ఉన్నదని అన్న మళ్లీ ఎక్కాడు.

‘ఇడువు’ అన్నది ఎవరని వెతకకు. తోలింది ఎవరో తేలితే చాలు గదా, నీకు ఇంకా ఏం కావాలి? నాకొక అనుమానం ఉంది సమతా. నీకు మా అన్న బయటపడడం కన్నా, జవాబు లేని ప్రశ్న మిగలకపోవడమే ముఖ్యమేమో.

జెన్నీ

*

చేవెళ్ల
సెప్టెంబర్ చివర

జెన్నీకి,

నీ చివరి వాక్యాన్ని మూడుసార్లు చదివాను. డిబేట్లలో నాకు ఇట్లా జరగదు.

సెలవు పెట్టి ఇంటికి వచ్చాను. అవ్వ దవాఖాన నుంచి వచ్చి మంచంలో ఉంది. ఎవరు అడిగినా ‘యాది లేదు’ అంటోంది. బాపు నేర్పిన మాటే అనుకున్నాను. ఏ పెళ్లిలో ఎవరు ఏ రంగు చీర పెట్టారో ఇప్పటికీ చెప్పగల మనిషికి, తన తుంటి విరిగిన రోజు యాది లేదట! మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు నేరుగా అడిగాను.

“అవ్వా, ‘ఇడువు’ అన్నది నువ్వేనా?”

గోడ వైపు చూస్తున్న మనిషి నా వైపు తిరిగింది.

“నువ్వు వాళ్ల దోస్తువు గద బిడ్డా. ఆ పిలగాన్ని ఒక్క మాట అడిగి చెప్తవా? నేను చేతుల వెట్టిన రూపాయి గంగమ్మకు ఇడిచిండా, పిడికిట్ల వట్టుకుండా?”

అప్పుడు కథంతా బయటికి వచ్చింది. పారే వాగు దాటితే గంగమ్మకు పసుపూ కుంకుమా రూపాయీ వేయకుండా అవ్వ ఏనాడూ దాటలేదు. వెనక కిటికీ తెరుచుకోదు. అందుకని కొంగు ముడి విప్పి, ముందుకు వంగి, ఎడమ సీటులో ఉన్న మీ అన్న చేతిలో పెట్టి, “ఇడువు బిడ్డా, జల్ది ఇడువు!” అన్నది. ఆమె చెప్పింది రూపాయి గురించి. ఆమెకు మా అన్నా బిడ్డే, మీ అన్నా బిడ్డే. నెలల తరబడి ‘ఇడువకు’ అన్న అరుపుకే కాలు బిగించడం నేర్చుకున్న మా అన్న చెవిలో, ఆ హోరులో, ‘ఇడువు’ పడింది. కాలు తీశాడు.

ఇంతవరకూ అయితే పొరపాటు. దాని తర్వాత అవ్వ అన్నది విను.

“ఆ పిలగాని దేవుడు వేరే గద. ఇడిచి ఉండడు. నాకు ఎర్కయింది. చెయ్యి చాపిన తల్లికి ఇయ్యకుంటే కోపం రాదా? బండిని పట్టుకున్నది. ఇగ పోలీసోళ్లకు నేనేం చెప్పాలె? చేసినోని మీదనే పడ్డది.”

బాపు ఏమీ నేర్పలేదు జెన్నీ. మీ అన్న మీద నింద పడడం న్యాయమేనని నమ్మి అవ్వ తనంతట తానే నోరు మూసుకుంది.

ఇంజన్ సంగతి చెప్పాను. అల సంగతి, గొట్టం సంగతి చెప్పాను. “ఇంజన్ ఆగుడు సరే, ఆపింది ఎవరు?” అన్నది. 

‘ఇడిచిండట అవ్వా’ అని ఒక్క అబద్ధం ఆడితే ఆమె నోరు విప్పుతుంది. ఆడను. నిజం తెలియాలి. సంఘ పెద్ద కొడుకు గంగమ్మకు రూపాయి వేస్తాడని నాకూ నమ్మకం లేదు. వేయకపోతే అది అతని హక్కు, దాన్ని తప్పు అననివ్వను. కాని వచ్చే వారం ఎస్సై ఇంటికి వస్తున్నాడు. అవ్వ మళ్లీ ‘యాది లేదు’ అంటే కాగితం మీద నతానియేలు పేరే ఉంటుంది.

అతన్ని అడిగి రాయి.

సమత

*

చిన్న మంగళారం
అక్టోబర్

సమతకు,

ఇడిచాడు.

నువ్వు తెరిచేలోగా చెరిగిపోయిన మెసేజ్‌లో ఉన్నది ఇదే. వాగులోంచి బయటపడి ఇంటికి వచ్చాక అన్న నాకొక్కదానికే చెప్పాడు. నీకు రాశాను. మరుక్షణం అన్న నా చేతిలోంచి ఫోన్ గుంజుకుని తీసేశాడు. ఎందుకో నువ్వు ఊహించగలవు గాని, సగమే ఊహిస్తావు.

“అవ్వ ముందటికి వంగి నా చేతుల వెట్టింది జెన్నీ. తీసుకోకుంటే ఏడుస్తదేమో అనిపించింది. కిటికీల నుంచి ఇడిచిన. నా చేతుల నుంచి రూపాయి జారుడు, బండి ఆగుడు ఒక్కటే సారి అయినయి” అన్నాడు. వెంటనే, “నేను ఇడిచినందుకే ఆగిందంటవా?” అని అడిగాడు.

మీ అవ్వ, ఇడువనందుకు తల్లి కోపగించిందనుకుంటోంది. మా అన్న, ఇడిచినందుకు పరలోకపు తండ్రి కోపగించాడనుకుంటున్నాడు. నువ్వు వచ్చి ఇంజన్ గురించి ఉపన్యాసం ఇస్తే ఇద్దరూ మర్యాదగా వింటారు.

మిగతా సగం ఇది. తోలింది అభిలాష్ అని అన్న నోరు తెరిస్తే, ‘మరి ఎందుకు ఆపిండు’ అని అడుగుతారు. అవ్వ మాట వల్ల అనాలి. గంగమ్మకు రూపాయి వేయబోతే బండి మునిగిందని ఒక క్రైస్తవుడు పోలీస్ స్టేషన్లో చెప్పినట్టవుతుంది. అది చేవెళ్ల చేరేలోగా ఎట్లా మారుతుందో, ఎవరెవరు మా ఇంటి ముందుకు వస్తారో నీకు తెలియనిది కాదు. ఇక రూపాయి తానే వేశానంటే ఇంట్లో నాన్న, ఆదివారం సంఘం. అటు చెప్పలేడు, ఇటు చెప్పలేడు. అందుకే లైసెన్స్ పోగొట్టుకోవడానికి సిద్ధపడ్డాడు. మీసం తిప్పే మనిషి రెండు నెలల నుంచి తల దువ్వుకోలేదు.

నీ ఉత్తరం చదివి వినిపించాను. “అవ్వకు చెప్పమను. ఊరికి చెప్పద్దను” అన్నాడు. అది జరిగే పని కాదని నీకూ తెలుసు, నాకూ తెలుసు. అవ్వ నోరు విప్పితే వినేది ఎస్సై ఒక్కడే కాదు.

అయినా చెప్పు సమతా. చెప్పమంటున్నది అన్న కాదు, నేను. రేపు నాన్న అడిగితే నేనే నిలబడతాను.

ఇది చదివి నువ్వు గెలిచాననుకుంటే మాత్రం, ఇదే నా ఆఖరి ఉత్తరం.

జెన్నీ

*

చేవెళ్ల
అక్టోబర్

జెన్నీకి,

గెలవలేదు. చెప్పాను, అంతే.

అవ్వ విన్నది. “ఇడిచిండా? వాళ్ల నాయన ఏమనలేదా?” అని అడిగింది. “వాళ్ల నాయనకు తెల్వది” అన్నాను. కొంగు మొహాన వేసుకుని పడుకుంది. ఆమె మనసు ఎటు తిరుగుతుందో నాకు అంతుపట్టలేదు. గంగమ్మకు ముట్టిందని తేలాక, మనుమణ్ణి కాపాడుకోవాలన్న ఆశ ఇంకా బలపడుతుందేమో అని కూడా అనుమానించాను.

మర్నాడు ఎస్సై వచ్చాడు. బాపు ఛాయ్ తెప్పించాడు. అన్న గడప దగ్గర నిలబడ్డాడు.

“బండి నా మనుమడు తోలిండు సారూ” అన్నది అవ్వ.

“అమ్మా, నీకు యాది లేదు గదనే!” అన్నాడు బాపు.

“ఇప్పుడు వచ్చింది యాదికి. నువ్వు జర ఊకో.” ఎస్సై వైపు తిరిగింది. “ఇడువుమన్నది నేను సారూ. వీడు కాలు ఇడిచిండు. ఆ పిలగాడు నా రూపాయి ఇడిచిండు. బండి మునిగినంక వీడు నన్ను ఇడిచి ఉరికిండు. ఆ పిలగాడు మాత్రం నన్ను ఇడువలే.”

ఎస్సై రెండోసారి చెప్పించుకుని రాసుకున్నాడు. అన్న మీద కేసు రాశారు. ఆ సాయంత్రం అతను నాతో అన్న ఒకే ఒక్క మాట, “నీళ్లు మీదికొస్తుంటే నాకు ఏం సమజ్ కాలేదే చెల్లె.” ఆ మాటను ఖండించాలనిపించలేదు. బాపు నాతో మాట్లాడడం లేదు. ఆయన వీడియో మాత్రం ఊరి గ్రూపుల్లో మళ్లీ తిరుగుతోంది, కింద నవ్వే బొమ్మలతో.

అవ్వ మాట ఈపాటికి మీ ఊరు చేరి ఉంటుంది. మీ ఇంట్లో ఏం జరిగిందో రాయి. రాయకపోతే ఎందుకో అర్థం చేసుకుంటాను.

సమత

*

చిన్న మంగళారం
అక్టోబర్

సమతకు,

చేరింది. చేవెళ్ల సంతలో నాన్నకు ఎవరో చెప్పారు. ‘మీ వాడు గంగమ్మకు మొక్కిండట గద’ అని, నవ్వుతూ. నాన్న కూరగాయలు కొనకుండానే బస్సెక్కి వచ్చేశాడు.

అన్నం పెట్టుకుని కూర్చున్నాం. నేను నిలబడతానని నీకు రాశాను గదా, నిలబడ్డాను. నాన్న నా వైపు చూడనే లేదు.

“నతానియేలూ. ఇడిచినవా?”

“ఇడిచిన.”

అమ్మ చేతిలోని గరిటె కింద పెట్టింది. నాన్న కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు.

“వాగుకిచ్చినవా, ముసలమ్మకిచ్చినవా?”

అన్న తలెత్తి నాన్న మొహాన్ని చూశాడు. ఏది అడుగుతున్నాడో, ఎందుకు అట్లా అడుగుతున్నాడో వెతుకుతున్నట్టు చూశాడు.

“ముసలమ్మకే” అన్నాడు.

“కంచం ముందటికి జరుపుకో” అన్నాడు నాన్న.

అన్న చెప్పింది నిజమా, నాన్నే చేతికి అందించిన జవాబా? నువ్వయితే ఎదురు ప్రశ్న వేసేదానివి. నేను కూర వడ్డించాను.

జెన్నీ